రెండు పొరల మధ్య తెల్లని ముక్క
ఐర్లండు వేఫరు ఐస్‌క్రీము కథ – పాల సంఘాల సభ్యులు తెలుసుకోదగిన సంగతులు

వేసవి వచ్చిందంటే మన పాల సంఘాల్లో రెండు మాటలు వినబడుతుంటాయి. ఒకటి, పాలు తగ్గినవని. రెండు, పట్నంలో ఐస్‌క్రీము ధర పెరిగినదని. ఈ రెండు మాటలకూ సంబంధం ఉన్నది. మనం పోసిన పాలలోని వెన్న ఎక్కడికి పోతున్నది, ఏ రూపంలో అమ్ముడవుతున్నది, దాని మీద వచ్చే లాభం ఎవరికి చేరుతున్నది అనే విషయాలు తెలుసుకొనుట ప్రతి సభ్యునికీ అవసరం. ఊరికే లెక్కలు చెబితే వినుటకు విసుగుగా ఉంటుంది. కాబట్టి ఈ సంచికలో ఒక చిన్న తినుబండారం కథ తీసుకొని, దాని వెంట ఈ సంగతులన్నీ వివరించదలచినాము. ఆ తినుబండారం మన దేశానిది కాదు. పాడికి పేరుపడిన ఐర్లండు దేశానిది.

ఐర్లండు అనగానే మన తెలుగు వారికి గుర్తు రావలసిన పెద్దమనిషి ఒకరున్నారు. తరువాతి కాలంలో మన దేశానికి రాష్ట్రపతి అయిన శ్రీ వి.వి. గిరిగారు 1913 నుండి 1916 వరకు ఆ దేశపు ముఖ్య పట్టణమైన డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివినారు. ఆ దేశం అప్పుడు మన దేశం వలెనే ఇంగ్లీషు వారి ఏలుబడిలో ఉండేది. చిన్న దేశం, ఎక్కువ వర్షం, ఎటు చూసినా పచ్చిక, ఆ పచ్చిక మీద ఆవులు. మనకు వరి ఎట్లాగో వారికి పాడి అట్లాగు.

ఆ పదార్థం ఏమిటి?

ఐర్లండులో ఏభై, అరవై సంవత్సరాలు దాటిన వారిని చిన్ననాటి తీపి ఏదని అడిగితే చాలామంది చెప్పేది వేఫరు ఐస్‌క్రీము. ఇందులో ఆర్భాటం ఏమీ లేదు. ఇటుక ఆకారంలో గట్టిగా గడ్డకట్టించిన తెల్లని ఐస్‌క్రీము దిమ్మ నుండి ఒక ముక్క కత్తితో కోస్తారు. దాని కింద ఒకటి, పైన ఒకటి పలుచని బిస్కత్తు పొరలు పెడతారు. అంతే. ఈ పొర మన ఆత్రేయపురం పూతరేకంత పలుచన కాదు గాని, గోధుమపిండితో చేసిన, పళ్లకు తగలగానే విరిగే తేలికైన పలక. దానినే వేఫరు అంటారు.

దుకాణదారు అట్టపెట్టె విప్పి, దిమ్మను బల్ల మీద పెట్టి, పిల్లవాడు తెచ్చిన నాణెం చూసి ముక్క మందం నిర్ణయించేవాడు. చిన్న నాణెమైతే పలుచని ముక్క, పెద్ద నాణెమైతే మందపు ముక్క. కత్తి ఎక్కడ ఆనుతుందా అని పిల్లలు కళ్లార్పకుండా చూచేవారట. మన సంఘాల్లో పాలు కొలిచేటప్పుడు కొలపాత్ర అంచు వైపు సభ్యులు చూచే చూపు ఎట్టిదో మనకు తెలుసు గదా! కొలత దగ్గర మనిషి బుద్ధి ఏ దేశమైనా ఒకటే.

తినుటకు కూడా ఒక పద్ధతి ఉండేది. రెండు పొరలను వేళ్లతో పట్టుకొని, చుట్టూ కరిగి కారుతున్న అంచును ముందు నాకి, తరువాత కొరికేవారు. ఆలస్యం చేస్తే చేతులన్నీ పాలే. ఐర్లండు ఉత్తర భాగంలో దీనిని 'స్లైడరు' అంటారు. అంటే జారేది అని అర్థం. ఒత్తి కొరికితే మధ్యలోని ముక్క అవతలి వైపుకు జారుతుంది మరి. ఆ ప్రాంతంలోనే శంఖు ఆకారపు బిస్కత్తులో పెట్టి ఇచ్చే ఐస్‌క్రీమును 'పోక్' అంటారు. పోక్ అంటే సంచి లేక కాగితపు పొట్లం అని పాత అర్థం. మన ఊళ్లల్లో పొట్లం అన్నట్లే.

ఇంటికి కొనుక్కొని పోయేవారు పూర్తి దిమ్మనే తీసుకొనేవారు. ఆ రోజుల్లో చాలా ఇళ్లల్లో గడ్డకట్టించే పెట్టెలు లేవు. కాబట్టి ఆదివారం భోజనానికి ముందో వెనుకో పిల్లవాడిని దుకాణానికి పంపి, దిమ్మను వార్తాపత్రిక కాగితాల్లో చుట్టించి, పరుగున ఇంటికి తెప్పించి, అందరూ కలిసి అప్పటికప్పుడే తినేవారు. నిలవ ఉంచుటకు వీలు లేదు. కనుకనే అది పండుగ వంటిది అయింది.

గాజు గిన్నె పోయి పొర వచ్చిన విధం

బిస్కత్తు పొర కేవలం రుచి కోసమే వాడుకలోకి వచ్చిందనుకుంటే పొరపాటు. దాని వెనుక పరిశుభ్రత కూడా ఉన్నది.

పందొమ్మిదవ శతాబ్దంలో ఇటలీ దేశం నుండి అనేకమంది పేదవారు బ్రతుకుతెరువు వెతుక్కొని ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు దేశాలకు వచ్చినారు. వారిలో కొందరు వీధి బండ్ల మీద ఐస్‌క్రీము అమ్మేవారు. ఐర్లండుకు వచ్చిన ఇటలీ కుటుంబాల్లో చాలా భాగం రోము నగరానికి దక్షిణాన ఉన్న ఫ్రోసినోనే ప్రాంతపు కసలాత్తికో అనే కొండ ఊరి నుండి వచ్చినవే. వేయించిన చేపలు, ఆలుగడ్డ ముక్కలు, ఐస్‌క్రీము అమ్మే దుకాణాలు ఆ కుటుంబాలు చాలా ఊళ్లల్లో పెట్టినవి. ఉత్తర తీరాన పోర్ట్‌స్టూవర్ట్ అనే ఊళ్లో మొరెల్లీ కుటుంబం వారి ఐస్‌క్రీము వ్యాపారం 1911 నాటిది.

ఆ తొలి రోజుల్లో ఇంగ్లండు వీధుల్లో ఐస్‌క్రీమును చిన్న మందపాటి గాజు గిన్నెలో వేసి ఇచ్చేవారు. కొన్నవాడు నాకి గిన్నె తిరిగి ఇస్తే, అమ్మేవాడు దానిని ఒకసారి ముంచి తీసి మరొకరికి అదే గిన్నెలో ఇచ్చేవాడు. క్షయ, కలరా మొదలైన జబ్బులు ఈ గిన్నెల వల్ల వ్యాపిస్తున్నవని వైద్యులు భయపడినారు. శతాబ్దం చివరి సంవత్సరాల్లో లండన్ నగరంలో ఈ గిన్నెలను నిషేధించినారు. అప్పుడు గిన్నెతో సహా తినివేయదగిన ఏర్పాటు కావలసివచ్చింది. పలుచని బిస్కత్తు పొర, బిస్కత్తు శంఖు ఆ అవసరానికి సరిపోయినవి. ఎంగిలి గిన్నె సమస్య తీరింది. కడుగుడు ఖర్చు కూడా తప్పింది. మన వైపు విస్తరాకు చేసే పనినే అక్కడ వేఫరు చేసింది. కాకపోతే విస్తరి పారవేస్తాము, వేఫరు తినివేస్తాము.

హ్యూస్ సోదరుల పాడి

వీధి బండ్ల నుండి ఐస్‌క్రీమును దేశమంతటా దుకాణాలకు చేర్చినవారు డబ్లిన్ నగర శివారులోని రాత్‌ఫార్నమ్ అనే చోట హేజెల్‌బ్రూక్ పేరు గల పాడి క్షేత్రం నడిపిన హ్యూస్ కుటుంబం వారు. మొదట వారిది పాల వ్యాపారం. నగరానికి పాలు సరఫరా చేసేవారు. 1926 లో ఐస్‌క్రీము తయారీ మొదలుపెట్టినారు. హ్యూస్ బ్రదర్స్ అనే మాటల్లోని మొదటి అక్షరాలే హెచ్.బి. ఆ రెండు అక్షరాలు కాలక్రమాన ఐర్లండులో ఐస్‌క్రీముకు మారుపేరు అయినవి. 'ఒక హెచ్.బి. దిమ్మ' అని అడిగితే చాలు.

పాల వ్యాపారి ఐస్‌క్రీముకు ఎందుకు దిగుతాడు? దీనికి జవాబు పాడి రైతులకు చెప్పవలసిన పని లేదు. పాలు ఆగవు. ఉదయం పిండినవి సాయంత్రానికి అమ్ముడు కావాలి. ఆవు ఆదివారమని తక్కువ ఇవ్వదు, గిరాకీ లేదని మానుకోదు. మిగిలిన పాలలోని వెన్నను ఏదో ఒక నిలవ ఉండే వస్తువుగా మార్చగలిగినవాడే పాల వ్యాపారంలో నిలబడతాడు. వెన్న, జున్ను, పాలపొడి, ఐస్‌క్రీము – ఇవన్నీ పాలకు ఆయుష్షు పోసే మార్గాలే. వీటిలో ఐస్‌క్రీముకు ఒక ప్రత్యేకత ఉన్నది. అందులో పాలతో పాటు గాలి కూడా అమ్ముడవుతుంది. ఆ సంగతి ముందు వివరిస్తాము.

కరెంటు స్తంభం వెంట ఐస్‌క్రీము పెట్టె

ఐస్‌క్రీము తయారు చేయుట ఒక ఎత్తు, ఊరికి చేర్చి కరగకుండా ఉంచుట మరొక ఎత్తు. కరెంటు లేని చోట మంచుగడ్డలకు ఉప్పు కలిపి ఆ చలువతోనే పని గడుపుకొనేవారు. ఉప్పు కలిసినప్పుడు మంచు సున్నా డిగ్రీల కంటె చాలా తక్కువ వేడిమికి దిగుతుంది. అయినా అది కొన్ని గంటల పనే. నెలల తరబడి నిలవకు పనికిరాదు.

ఐర్లండు 1922 లో స్వతంత్ర రాజ్యమైన తరువాత షానన్ నది మీద ఆర్డ్‌నక్రుష వద్ద జలవిద్యుత్ కేంద్రం కట్టి 1929 లో ప్రారంభించినారు. అయితే ఆ కరెంటు మొదట పట్టణాలకే చేరింది. పల్లెలకు విద్యుత్తు ఇచ్చే పథకం 1946 లో మొదలైంది. డబ్లిన్ జిల్లాలోని కిల్‌సలహన్‌లో ఆ సంవత్సరం నవంబరులో మొదటి స్తంభం నాటినారు. 1947 జనవరిలో ఓల్డ్‌టౌన్ అనే పల్లెలో మొదట దీపాలు వెలిగినవి. తరువాత మూడు దశాబ్దాల పాటు ఊరూరా స్తంభాలు వేసుకుంటూ పోయినారు.

పల్లె దుకాణంలో దీపం వెలిగిన తరువాతనే ఐస్‌క్రీము పెట్టె పెట్టుకొనుటకు వీలు కలిగింది. కనుక ఆ దేశపు పెద్దవారి జ్ఞాపకాల్లో కరెంటు వచ్చిన రోజులు, దుకాణంలో దిమ్మ కోసిన రోజులు దాదాపు కలిసే ఉంటాయి. మన పల్లెల్లో కూడా కరెంటు వచ్చిన తరువాతనే పాల శీతలీకరణ కేంద్రాలు వచ్చినవి, వాటి వెనుకనే సాయంత్రపు పాల సేకరణ పెరిగింది. చలువ లేనిదే పాలకు దూర ప్రయాణం లేదు.

తయారీ విధానం

దిమ్మ ఐస్‌క్రీము అయినా కప్పు ఐస్‌క్రీము అయినా తయారీ ఒకటే. సభ్యుల సౌకర్యార్థం వరుసగా చెబుతాము.

మొదటిది మిశ్రమం. పాలు, మీగడ లేక వెన్న, వెన్న తీసిన పాలపొడి, పంచదార, నీటిని పట్టి ఉంచుటకు కొద్దిగా బంక వంటి పదార్థం – వీటిని లెక్క ప్రకారం కలుపుతారు. వెన్న నునుపును, వెన్న కాని ఘనపదార్థాలు అంటే ఎస్.ఎన్.ఎఫ్. గట్టితనాన్ని, పంచదార తీపిని ఇస్తవి. అంతేగాక పంచదార వల్లనే ఐస్‌క్రీము రాయి వలె బిగుసుకుపోకుండా కత్తికి తెగుతుంది.

రెండవది వేడి చేయుట. మిశ్రమాన్ని సుమారు 80 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కొద్ది సెకండ్ల పాటు, లేక అంతకు తక్కువ వేడిమి వద్ద అరగంట పాటు ఉంచి రోగక్రిములను చంపుతారు. ఇది ఎంత ముఖ్యమో తెలుపుటకు ఒక ఉదాహరణ. 1946 లో ఐర్లండుకు పొరుగున ఉన్న వేల్సు దేశపు అబెరిస్ట్‌విత్ పట్టణంలో ఒక్క ఐస్‌క్రీము తయారీదారు వద్ద నుండి టైఫాయిడ్ వ్యాపించి 200 మందికి పైగా జబ్బుపడినారు. మరుసటి సంవత్సరమే, అంటే 1947 లో, ఐస్‌క్రీము మిశ్రమాన్ని తప్పక వేడి చేయవలెనని అక్కడ నిబంధనలు వచ్చినవి.

మూడవది వెన్న కణాలను చిన్నవిగా చీల్చుట. ఎక్కువ ఒత్తిడితో సన్నని సందు గుండా పంపితే వెన్న పైకి తేలకుండా అంతటా సమంగా కలిసిపోతుంది. నాలుగవది నానబెట్టుట. మిశ్రమాన్ని 4 డిగ్రీల వద్ద కనీసం నాలుగు గంటలు ఉంచుతారు. అప్పుడు వెన్న గట్టిపడి, బంక పదార్థం నీరు పీల్చుకుంటుంది.

ఐదవది గడ్డకట్టించుట. చల్లని గొట్టంలో మిశ్రమాన్ని చిలుకుతూ మైనస్ 5 డిగ్రీల ప్రాంతానికి తెస్తారు. అదే సమయంలో గాలిని లోపలికి చొప్పిస్తారు. చిలుకుతున్నందువల్ల మంచు పలుకులు పెరగకుండా సన్నగా ఉంటాయి. ఆరవది బిగింపు. మెత్తగా ఉన్న ఐస్‌క్రీమును పెట్టెల్లో నింపి, మైనస్ 25 లేక అంతకన్నా చల్లని గదిలో ఉంచి రాయిగా బిగిస్తారు. ఐర్లండు దిమ్మ కత్తితో కోయుటకు వీలుగా నిలిచేది ఈ బిగింపు వల్లనే. తరువాత మైనస్ 18 డిగ్రీల వద్ద నిలవ చేస్తారు. మధ్యలో ఒకసారి కరిగి మళ్లీ గడ్డకడితే మంచు పలుకులు పెద్దవై నాలుకకు ఇసుక తగిలినట్లు తగులుతుంది. కరెంటు పోయి వచ్చిన దుకాణాల్లో ఇది మామూలు.

మన పాల లెక్క

ఇప్పుడు గాలి సంగతి. ఒక లీటరు మిశ్రమంలో గాలి కలిపితే సుమారు రెండు లీటర్ల ఐస్‌క్రీము అవుతుంది. ఇది మోసం కాదు. గాలి లేకపోతే ఐస్‌క్రీము తినుటకు వీలుగాని మంచుగడ్డ అవుతుంది. అయితే దీనికి హద్దు ఉండాలి. మన దేశపు ఆహార భద్రత నిబంధనల ప్రకారం లీటరు ఐస్‌క్రీము కనీసం 525 గ్రాములు తూగాలి. అందులో పాల వెన్న 10 శాతానికి తగ్గరాదు. మొత్తం ఘనపదార్థాలు 36 శాతానికి తగ్గరాదు.

ఈ అంకెలను మన సంఘపు భాషలోకి మార్చి చూద్దాము. 100 కిలోల మిశ్రమానికి 10 కిలోల వెన్న కావాలి. 6.5 శాతం వెన్న ఉన్న గేదె పాలైతే సుమారు 154 కిలోల పాల నుండి అంత వెన్న వస్తుంది. 4 శాతం ఉన్న ఆవు పాలైతే 250 కిలోలు కావాలి. ఆ 100 కిలోల మిశ్రమం నుండి, లీటరుకు 525 గ్రాముల చొప్పున, సుమారు 190 లీటర్ల ఐస్‌క్రీము వస్తుంది. అంటే పట్నంలో ఒక పిల్లవాడు తినే 100 మిల్లీలీటర్ల కప్పులో సుమారు ఐదుంపావు గ్రాముల వెన్న ఉంటుంది. అది 80 గ్రాముల గేదె పాలలోని వెన్న. చిన్న టీ గ్లాసెడు పాలు అనుకోండి. సభ్యులు ఈ లెక్కను తమ సంఘపు వెన్న ధరతో గుణించి చూచుకొంటే, కప్పు ధరలో పాడి రైతు వాటా ఎంతో వారికే తెలుస్తుంది.

పాలు ఎంత చిక్కనివైతే లెక్క అంత తేలిక. గెర్బరు పరీక్షలో సరిగా చదివిన ప్రతి అర శాతం వెన్నా డబ్బుతో సమానమని మేము సంఘాల్లో చెప్పుట ఇందుకే. నీళ్లు కలిసిన పాలు కప్పు వరకు చేరవు. వాటి నుండి మీగడ తీయుటకు అయ్యే ఖర్చు ఎక్కువ, వచ్చేది తక్కువ.

వారి కాలం, మన కాలం

ఐర్లండు రైతుకు ప్రకృతి ఇచ్చిన వరం ఒకటి ఉన్నది. అక్కడ ఆవులు ఎక్కువగా వసంతకాలం మొదట్లో ఈనుతాయి. పచ్చిక పెరిగిన కొద్దీ పాలు పెరిగి మే, జూన్ నెలల్లో పొంగుతాయి. డిసెంబరు, జనవరి నెలల్లో బాగా తగ్గుతాయి. ఐస్‌క్రీముకు గిరాకీ కూడా ఎండాకాలంలోనే. పాలు పొంగిన నెలలు, ఐస్‌క్రీము అమ్ముడయ్యే నెలలు ఒకటే కావడం వారికి కలిసివచ్చింది.

మనకు ఇది తలక్రిందులు. మన గేదెలు ఎక్కువ భాగం వర్షాకాలంలోను, ఆ తరువాతను ఈనుతాయి. అక్టోబరు నుండి ఫిబ్రవరి వరకు పాలు పొంగుతాయి. ఏప్రిల్, మే నెలల్లో మేత లేక, నీరు లేక, వేడికి తాళలేక పాలు తగ్గుతాయి. సరిగ్గా అప్పుడే పెళ్లిళ్లకు, వేసవి సెలవులకు, ఎండకు ఐస్‌క్రీము, మజ్జిగ, పెరుగు గిరాకీ పెరుగుతుంది. కనుక మన డెయిరీలు చలికాలపు మిగులు పాలను వెన్నగాను, పాలపొడిగాను మార్చి, నిలవ చేసి, వేసవిలో ఐస్‌క్రీముకు, పాలకు వాడవలసివస్తుంది. ఈ నిలవకు శీతల గిడ్డంగి ఖర్చు, వడ్డీ ఖర్చు ఉంటవి. పొంగు కాలంలో వచ్చిన డబ్బు అంతా అప్పుడే పంచవలెనని మహాజనసభలో అడిగే సభ్యులు ఈ సంగతి గమనించవలెను. గిడ్డంగిలో ఉన్న వెన్న కూడా సభ్యుల సొత్తే, కాని అది ఇంకా డబ్బు కాలేదు.

దీనికి మందు రైతు చేతిలో కూడా కొంత ఉన్నది. పశువులను సకాలంలో ఎదకు గమనించి చూలు కట్టించుట, వేసవికి పచ్చిమేత, పాతర గడ్డి ముందుగా సిద్ధం చేసుకొనుట, మధ్యాహ్నపు వేళ గేదెలను నీటితో తడుపుట – ఈ మూడూ చేసిన ఇంట్లో వేసవి పాలు అంతగా పడిపోవు. వేసవిలో పోసిన లీటరుకు విలువ ఎక్కువ.

సహకారం పుట్టిన తీరు

ఐర్లండు కథలో మనం మరువరాని పేరు సర్ హోరేస్ ప్లంకెట్. 1878 లో స్వీడన్ దేశస్థుడు డి లావల్ మీగడ తీసే యంత్రం కనిపెట్టిన తరువాత ఇంటింటా కవ్వంతో వెన్న తీసే పద్ధతి వెనుకబడింది. యంత్రం కొనగలిగిన ధనికులు కార్ఖానాలు పెట్టి రైతుల పాలు కొనసాగినారు. ధర వారిదే, తూకం వారిదే. అప్పుడు ప్లంకెట్ రైతులే యంత్రం కొనుక్కొని, రైతులే నడుపుకొనవలెనని ఊరూరా తిరిగి చెప్పినాడు. 1889 లో లిమరిక్ జిల్లా డ్రోమ్‌కొల్లొహర్‌లో మొదటి సహకార వెన్న కేంద్రం ఏర్పడింది. 1894 లో ఈ సంఘాలకు సలహాలిచ్చుటకు ఐర్లండు వ్యవసాయ వ్యవస్థాపక సంఘం స్థాపించినారు. స్వాతంత్ర్య పోరాటం జరిగిన 1920, 1921 సంవత్సరాల్లో ఇంగ్లీషు సైనిక బలగాలు అనేక సహకార వెన్న కేంద్రాలను తగలబెట్టినవి. రైతులు మళ్లీ కట్టుకొన్నారు.

మన దేశంలో 1946 లో గుజరాతులోని ఖేడా జిల్లా రైతులు మొదలుపెట్టిన పని కూడా ఇట్టిదే. పాలు కొనే ఒక్కడి దయ మీద బ్రతుకుట మాని, పాలు పోసే వారందరూ ఒకటి కావడం. దేశం వేరు, పశువు వేరు, కష్టం ఒకటే, మందు ఒకటే.

పేరు ఎవరిది, పాలు ఎవరివి?

ఇక హెచ్.బి. కథ చివరి భాగం. హ్యూస్ వారిది సహకార సంఘం కాదు, కుటుంబ వ్యాపారం. 1964 లో వారు దానిని డబ్ల్యు.ఆర్. గ్రేస్ అనే అమెరికా కంపెనీకి అమ్మినారు. 1973 లో అది యూనీలీవరు చేతికి వచ్చింది. ఈ శతాబ్దపు మొదటి సంవత్సరాల్లో రాత్‌ఫార్నమ్‌లోని కార్ఖానా మూతపడింది. 1898 లో కట్టిన హేజెల్‌బ్రూక్ ఇంటిని ఇటుక ఇటుక విప్పి క్లేర్ జిల్లాలోని బన్‌రాటీ జానపద గ్రామానికి తరలించి తిరిగి నిలబెట్టినారు. ఇప్పుడు అది చూచుటకు పోయే ఇల్లు. 2025 లో యూనీలీవరు తన ఐస్‌క్రీము వ్యాపారాన్ని మాగ్నమ్ ఐస్‌క్రీమ్ కంపెనీ పేరున వేరు చేసింది.

హెచ్.బి. అక్షరాలు మాత్రం పోలేదు. ఎర్రని హృదయపు గుర్తు పక్కన ఐర్లండులో ఇప్పటికీ అవే అక్షరాలు కనబడుతవి. అదే గుర్తు ఇంగ్లండులో వాల్స్ అనే పేరుతోను, మన దేశంలో క్వాలిటీ వాల్స్ అనే పేరుతోను ఉన్నది. పేరు నిలిచింది, జ్ఞాపకం నిలిచింది. ఆ పేరు పుట్టిన పాడి క్షేత్రం మాత్రం నిలవలేదు. ఇందులో ఎవరినీ తప్పుపట్టవలసినది లేదు. సొంత ఆస్తి అమ్ముకొనే హక్కు ఎవరికైనా ఉన్నది. కాని పాలు పోసే రైతు దీని నుండి గ్రహించవలసినది ఒకటి ఉన్నది. పేరుకు యజమాని ఎవరో, ఆ పేరు మీద వచ్చే లాభం వారిదే. పాలు ఎవరివైనా కావచ్చు. ఉత్తర ఐర్లండులో డేల్ ఫార్మ్ అనే సంస్థ పాడి రైతుల సొంత సహకార సంస్థ. అది పాలు, వెన్నలతో పాటు ఐస్‌క్రీము కూడా తయారు చేస్తున్నది. అక్కడ పాలూ రైతువే, పేరూ రైతుదే.

మూత మీది అక్షరాలు

మరొక ముఖ్య విషయం. చూచుటకు ఐస్‌క్రీము వలె ఉండి, పాల వెన్నకు బదులు వనస్పతి నూనెలతో చేసిన పదార్థాలు కూడా అంగళ్లలో ఉన్నవి. వాటిని మన నిబంధనల ప్రకారం 'ఫ్రోజెన్ డెసర్ట్' అని పిలవవలెను గాని ఐస్‌క్రీము అని పిలవరాదు. ఆ పదార్థాలు అమ్ముట నేరం కాదు. నూనె వెన్న కంటె చవక కాబట్టి వాటిని చేసేవారు ఉంటారు. కాని పాడి రైతు ఇంటి పెళ్లిలో, పాల వెన్న లేని పదార్థాన్ని పాల ఐస్‌క్రీము అనుకొని వడ్డించుట సబబు కాదు గదా! కొనేముందు మూత మీది అక్షరాలు చదవండి. చదువు రానివారు బడికి పోయే పిల్లలచేత చదివించండి. 'ఐస్‌క్రీము' అని ఉంటే అందులోని వెన్న ఏదో ఒక పశువు పొదుగు నుండి వచ్చినది. ఆ పశువు మీ ఊరిదే కావచ్చు.

సంఘాలకు మనవి

ఐర్లండు పిల్లలు నాణెం చేతబట్టుకొని కత్తి ఎక్కడ ఆనుతుందా అని చూచినంత శ్రద్ధగా మన సభ్యులు తమ పాల లెక్కను చూచుకొనవలెనని మా కోరిక. అందుకు చేయవలసినవి కష్టమైనవి కావు.

పాలు పోసేటప్పుడు నమూనా మీ ఎదుటనే తీయించండి, వెన్న శాతం చీటీలో వ్రాయించుకొనండి. పొదుగు కడిగి, మొదటి ధారలు వేరే పాత్రలో పిండి, శుభ్రమైన స్టీలు పాత్రలో పాలు తెండి. పిండిన రెండు గంటల లోపల పాలు కేంద్రానికి చేరేటట్లు చూడండి. పులిసిన క్యాను ఒక్కటి కలిస్తే టాంకరు మొత్తం చెడుతుంది. అట్టి పాల నుండి ఎంత గొప్ప యంత్రమైనా మంచి ఐస్‌క్రీము చేయలేదు. కార్యదర్శులు నోటీసు పలకపై ప్రతి పక్షం సగటు వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. వ్రాసి ఉంచవలెను. సంఘాధ్యక్షులు మహాజనసభలో ఒక్క పది నిమిషాలు మన పాలు ఏ ఏ వస్తువులుగా మారి అమ్ముడవుతున్నవో సభ్యులకు వివరించగలరు. పై లెక్కలు అందుకు పనికివస్తవి.

రెండు పొరల మధ్య ముక్క చిన్నదే. దాని వెనుక మేత, పశువు, పిండిన చేయి, కొలిచిన పాత్ర, చల్లబరచిన యంత్రం, నడిపిన సంఘం ఉన్నవి. వీటిలో చాలా భాగం మన చేతిలోనిదే. ఈ వేసవిలో ఆ భాగాన్ని సరిగా నడుపుకొందాము.